కీమోథెరపీ నడుస్తుండగా ఇంట్లో గడిపే రోజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కీమో మందు ఎక్కేది ఆసుపత్రిలో కొన్ని గంటలే. దాని ప్రభావం బయటపడేది మాత్రం ఇంట్లో, ఆ తర్వాతి రెండు మూడు వారాల్లో. ఆ రోజుల్లో రోగికీ, దగ్గరుండి చూసుకునే వాళ్లకీ తరచూ వచ్చే సందేహాలకు ఇక్కడ సమాధానాలున్నాయి. ఇవి పెద్దవాళ్లకు వర్తిస్తాయి. పిల్లల చికిత్సలో లెక్కలు వేరు. మీ డాక్టరు వేరే మాట చెప్పి ఉంటే ఆ మాటే పాటించండి. మీ మందులు, మీ రక్త పరీక్షలు తెలిసినది వాళ్లకే.

ఇంటికి వచ్చాక ఏ రోజున ఏం జరుగుతుంది?

మందు ఎక్కిన రోజును 1వ రోజు అనుకుని క్యాలెండర్ మీద అంకెలు వేసుకోండి. ఈ ఒక్క పని చేస్తే సగం ఆందోళన తగ్గుతుంది. ఎందుకంటే ఇబ్బందులు చాలావరకు ఒక వరసలో వస్తాయి. మూడు వారాలకోసారి ఎక్కించే మందుల్లో సాధారణంగా మొదటి రోజు నుంచి ఐదో రోజు దాకా వికారం ఉంటుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో, ముఖ్యంగా స్టెరాయిడ్ మాత్రలు అయిపోయిన మర్నాడు, ఒక్కసారిగా నీరసం కమ్ముకుంటుంది. నోటి పూత 5 నుంచి 10వ రోజు మధ్య మొదలవుతుంది. 7 నుంచి 14వ రోజు దాకా తెల్లకణాలు అన్నిటికంటే తక్కువకు పడిపోతాయి. ఆ తర్వాత మెల్లగా పెరిగి, 21వ రోజుకు తర్వాతి మోతాదు తట్టుకునే స్థితికి వస్తాయి.

ఈ వరసకు కారణముంది. కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి. ఎముక మజ్జ, నోటి లోపలి పొర, పేగు పొర, జుట్టు కుదుళ్లు అలాంటివే. రక్తంలో అప్పటికే తిరుగుతున్న తెల్లకణాలు, మజ్జలో తయారై ఉన్న నిల్వ కొన్నాళ్లు సరిపోతాయి. నిల్వ ఖర్చయ్యాక కొత్తవి రాకపోవడంతో కౌంట్ పడిపోతుంది. అందుకే మందు ఎక్కిన మర్నాడు బాగానే ఉన్న మనిషికి పదో రోజున ప్రమాదం ఎక్కువ. వారం వారం ఎక్కించే మందులకు, రోజూ వేసుకునే మాత్రలకు ఈ క్యాలెండర్ వేరుగా ఉంటుంది. మీది ఎలా ఉంటుందో డే కేర్ నర్సును అడిగి రాసుకోండి.

జ్వరం ఎంత వస్తే ఫోన్ చేయాలి?

38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్. థర్మామీటర్ ఆ అంకె చూపిస్తే అర్ధరాత్రయినా అప్పుడే ఫోన్ చేయాలి, రమ్మంటే అప్పుడే బయల్దేరాలి. ఫోన్ కలవకపోతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. ఈ పేజీలో ఒక్క సమాధానమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి.

మామూలు మనిషికి జ్వరంతో పాటు చీము, వాపు, కఫం లాంటి గుర్తులు కనిపిస్తాయి. ఆ గుర్తులను తయారు చేసేది న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలే. అవి లేనప్పుడు ఇన్ఫెక్షన్ లోలోపల పాకుతున్నా జ్వరం తప్ప వేరే ఆనవాలు ఉండకపోవచ్చు. మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్స్ 500 కంటే తక్కువ ఉన్నప్పుడు కొన్ని గంటల్లోనే పరిస్థితి చేయిదాటవచ్చు. అందుకే ఇలాంటి రోగి ఎమర్జెన్సీకి చేరాక మొదటి యాంటీబయాటిక్ గంటలోపే పడాలన్నది వైద్యులు పాటించే లక్ష్యం. లోపలికి వెళ్లగానే “కీమో నడుస్తోంది, ఇది ఇన్నో రోజు, ఇంత జ్వరం ఉంది” అని మొదటి మాటగా చెప్పండి. లేకపోతే మామూలు జ్వరం వరసలో కూర్చోబెట్టే ప్రమాదం ఉంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. ఒకటి, ఒళ్లు నొప్పులని ముందే పారాసెటమాల్ వేసుకోవడం. అది జ్వరాన్ని దించుతుంది కానీ ఇన్ఫెక్షన్‌ను తగ్గించదు. అంకె మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. ఏ నొప్పి మాత్రకైనా ముందు జ్వరం చూసుకోండి. రెండు, నుదుటి మీద చెయ్యి పెట్టి అంచనా వేయడం. డిజిటల్ థర్మామీటర్ కొని రోగి పక్కనే ఉంచండి. నోట్లో పెట్టేటట్లయితే వేడివి, చల్లవి తాగిన అరగంట తర్వాత చూడాలి. మలద్వారం ద్వారా మాత్రం ఎప్పుడూ చూడకూడదు, అక్కడ చిన్న గీత పడినా సూక్ష్మక్రిములకు దారి దొరుకుతుంది. మూడు, జ్వరం లేదు కదా అని చలి వణుకును వదిలేయడం. స్టెరాయిడ్లు వాడేవారికి, వయసు మీద పడినవారికి ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఒళ్లు వణికినా, మనిషి మగతగా, తికమకగా ఉన్నా, నిలబడితే కళ్లు తిరుగుతున్నా జ్వరంతో సమానంగానే చూడాలి.

కౌంట్ పెరగడానికి ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. ఇంట్లో ఎలా వాడాలి?

అది ఎముక మజ్జను త్వరగా తెల్లకణాలు తయారు చేయమని తొందరపెట్టే మందు. కీమో పూర్తయిన 24 గంటల తర్వాతే వేయాలి. ముందే వేస్తే కొత్తగా పుట్టే కణాలు కీమోకు బలవుతాయి. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి, ఫ్రీజర్‌లో పెట్టొద్దు, ఊపొద్దు. వేసే అరగంట ముందు బయట పెడితే మంట తక్కువగా ఉంటుంది. తర్వాత నడుము, తుంటి, తొడ ఎముకల్లో నొప్పి రావడం మామూలే. మజ్జ పనిచేస్తోందని అర్థం. దానికి ఏ మాత్ర వేసుకోవాలో ముందే అడిగి పెట్టుకోండి. ఎడమవైపు పక్కటెముకల కింద గానీ, ఎడమ భుజంలో గానీ తీవ్రమైన నొప్పి వస్తే వెంటనే చెప్పండి. ప్లీహం మీద ఒత్తిడి పడినప్పుడు అలా ఉంటుంది.

ఇంటికి ఎవరినీ రానివ్వకూడదా? పిల్లలను దగ్గరకు తీసుకోవచ్చా?

జబ్బుగా ఉన్నవాళ్లను రానివ్వకూడదు. మిగిలినవాళ్లు రావచ్చు, చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కుని పక్కన కూర్చోవచ్చు. పిల్లలను ఎత్తుకోవచ్చు, ముద్దు చేయవచ్చు. కీమో వాళ్లకు ఒంటి స్పర్శతో అంటుకోదు. 7 నుంచి 14వ రోజు మధ్య మాత్రం రద్దీగా ఉండే చోట్లకు వెళ్లొద్దు, తప్పనిసరైతే మాస్కు పెట్టుకోవాలి. మనిషిని నెలల తరబడి గదిలో ఒంటరిగా ఉంచితే కలిగే నష్టం చిన్నది కాదు. ఆ అవసరం కూడా చాలామందికి లేదు.

ఇంట్లో అందరూ ఏటా ఫ్లూ టీకా వేయించుకుంటే రోగికి అదొక కంచె. రోగికి ప్రాణమున్న క్రిములతో చేసే టీకాలు ఈ సమయంలో వేయకూడదు. ఏ టీకా అయినా డాక్టరును అడిగాకే. పెంపుడు జంతువులు ఉండవచ్చు గానీ వాటి మలమూత్రాలు శుభ్రం చేసే పని వేరేవాళ్లు చూసుకోవాలి.

వాంతి మాత్రలు వికారం వచ్చాకే వేసుకోవచ్చా?

కాదు, వేళ ప్రకారం వేసుకోండి. వాంతి మొదలయ్యాక ఆపడం కంటే మొదలవకుండా చూడటం తేలిక. మొదటి 24 గంటల్లో వచ్చే వికారం ఒక రకం. రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా వచ్చేది మరో రకం, మెదడులో అది వేరే దారిలో పుడుతుంది. ఒండాన్‌సెట్రాన్ మొదటి రకానికి బాగా పనిచేస్తుంది, రెండో రకానికి అంతగా సరిపోదు. అందుకే రెండు మూడు రకాల మాత్రలు కలిపి ఇస్తారు. “మొదటి రోజు ఏమీ కాలేదు” అని మిగతావి మానేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఇస్తే పొద్దున్నే తిన్న తర్వాత వేసుకోండి. సాయంత్రం వేసుకుంటే రాత్రి నిద్ర పట్టదు. మధుమేహం ఉన్నవారికి దీనివల్ల చక్కెర బాగా పెరుగుతుంది కాబట్టి ఆ రోజుల్లో ఇంట్లోనే పరీక్షించుకోవాలి.

మాత్రలన్నీ వేసుకున్నా వాంతులు ఆగకపోతే, 24 గంటల పాటు నీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం ముదురు రంగులో కొద్దిగానే వస్తుంటే ఫోన్ చేయండి. తర్వాతి విడతకు (సైకిల్‌కు) మందులు మార్చుకునే వీలుంది. భరించాల్సిన పని లేదు. ఆసుపత్రి గుర్తుకు రాగానే వికారం వచ్చేవాళ్లు కూడా ఉంటారు. అది మనోబలహీనత కాదు, శరీరం నేర్చుకున్న ప్రతిస్పందన. దానికీ వేరే మాత్ర ఉంది, అడగండి.

ఏమీ తినలేకపోతున్నారు. ఎంత తింటే చాలు?

రోజుకు కిలో శరీర బరువుకు 25 నుంచి 30 క్యాలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అందాలన్నది లక్ష్యం. 60 కిలోల మనిషికి ప్రోటీన్ 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాముల చొప్పున, ఒక గ్లాసు పాలలో 8 గ్రాముల చొప్పున ఉంటుంది. అంటే మామూలుగా తినేదానికంటే ఎక్కువే కావాలి, అదీ ఆకలి లేని రోజుల్లో. అందుకే మూడు పూటల భోజనం అనే లెక్క వదిలేయండి. రెండు గంటలకోసారి నాలుగైదు ముద్దలు చాలు. ఆకలి ఎక్కువగా ఉండేది పొద్దున్నే అయితే పెద్ద భోజనం అప్పుడే పెట్టండి. తినేటప్పుడు ఎక్కువ నీళ్లు తాగితే కడుపు నిండిపోతుంది, తిండికీ తిండికీ మధ్యలో తాగించండి. వండే వాసనకు వికారం వస్తుంటే చల్లారిన ఆహారం పెట్టండి, దానికి వాసన తక్కువ. నోరు ఇనుము రుచిగా ఉంటే లోహపు చెంచా మానేసి చెక్కదో ప్లాస్టిక్‌దో వాడి చూడండి.

వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకు బరువు చూసి రాయండి. నెలలో 5 శాతం తగ్గితే చెప్పాల్సిందే. ఇంట్లో తిండి దగ్గర గొడవలు పెరుగుతాయి. తినమని మాటిమాటికీ ఒత్తిడి చేస్తే రోగి ఆ గది నుంచే తప్పించుకోవాలనుకుంటారు. గిన్నె పక్కన పెట్టి, కాసేపాగి అడగండి.

పచ్చివి, పండ్లు మానేయాలా? మూలికలు వాడొచ్చా?

పండ్లు, కూరగాయలు పూర్తిగా మాన్పించడం వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని పరిశోధనల్లో తేలలేదు. ధారగా పారే నీళ్లలో బాగా రుద్ది కడిగి తినొచ్చు. మానాల్సినవి ఇవి: పచ్చిగా లేదా సగం ఉడికిన గుడ్లు, మాంసం, చేప, కాచని పాలు. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, తిరిగి తినేటప్పుడు ఆవిరి వచ్చేదాకా వేడి చేయాలి.

మూలికలు, పొడులు, ఎక్కువ మోతాదు విటమిన్ మాత్రలు డాక్టరుకు చెప్పకుండా వాడొద్దు. కాలేయంలో కీమో మందును విరగ్గొట్టే ఎంజైములను కొన్ని అడ్డుకుంటాయి, కొన్ని పరుగులు పెట్టిస్తాయి. అప్పుడు అదే మోతాదు విషంగానైనా మారుతుంది, వృథాగానైనా పోతుంది. కొన్ని మందులతో ద్రాక్షపండు జాతి కాని గ్రేప్‌ఫ్రూట్ అనే నిమ్మజాతి పండు కూడా ఇదే పని చేస్తుంది. ఇప్పటికే వాడుతుంటే దాచకండి. ఆ సీసా తీసుకెళ్లి చూపించండి.

నోటి పూతకు ఏం చేయాలి?

ఒక లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ వంటసోడా కలిపి రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి. ఏ రోజుకు ఆ రోజు కొత్తగా కలపండి. పూత రాకముందు నుంచే, అంటే మందు ఎక్కిన రోజు నుంచే మొదలుపెట్టడం మేలు. బాగా మెత్తని బ్రష్ వాడండి, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు. తిన్నాక కట్టుడు పళ్లు తీసి కడగాలి, రాత్రి తీసేయాలి. నొప్పితో తినలేకపోతే తినడానికి ముందు రాసుకునే మత్తు జెల్ అడగండి. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లని పొర పేరుకుంటే అది ఫంగస్ కావచ్చు. ఉప్పునీటితో పోదు, మందు కావాలి. నీళ్లు కూడా మింగలేకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

విరేచనాలు ఎన్ని అయితే ప్రమాదం?

మామూలుగా అయ్యేదానికంటే రోజుకు నాలుగు ఎక్కువైతే ఫోన్ చేయండి. రక్తం కనిపించినా, జ్వరం తోడైనా, కడుపు మెలిపెట్టినా ఒక్కసారికే చేయండి. లోపెరమైడ్ మాత్ర డాక్టరు ఒప్పుకున్నాకే. ఇన్ఫెక్షన్ వల్ల అవుతున్న విరేచనాలను బలవంతంగా ఆపడం హాని. ఈలోగా ఓఆర్ఎస్ తాగించండి. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, సమానంగా గీసి కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే చేటు.

మలబద్ధకం గురించి తక్కువ మాట్లాడతారు, బాధ మాత్రం ఎక్కువ. వాంతికిచ్చే ఒండాన్‌సెట్రాన్, నొప్పికిచ్చే మార్ఫిన్ లాంటి మందులు రెండూ పేగును మందగింపజేస్తాయి. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజునే విరేచనాలు సాఫీ చేసే మందు కూడా మొదలవ్వాలి, రాయకపోతే అడగండి. మూడు రోజులు విరేచనం కాకపోతే చెప్పండి. ఎనిమా, మలద్వారంలో పెట్టే మందులు సొంతంగా వాడొద్దు. కారణం థర్మామీటర్ దగ్గర చెప్పినదే, పైగా ప్లేట్‌లెట్లు తక్కువుంటే రక్తం ఆగదు.

ముక్కు నుంచి రక్తం వస్తే?

కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని వదలకుండా 10 నిమిషాలు నొక్కి పట్టుకోండి. మధ్యలో వదిలి చూడొద్దు. తల వెనక్కి వంచితే రక్తం గొంతులోకి పోతుంది. 10 నిమిషాలకూ ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లండి. కాళ్ల మీద సన్నని ఎర్రచుక్కలు, నల్లని మలం, కారణం లేకుండా కమిలిన మచ్చలు ప్లేట్‌లెట్లు పడిపోయాయని చెబుతాయి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి అడగకుండా వేసుకోవద్దు. గుండె కోసం ముందు నుంచి ఆస్పిరిన్ వాడుతుంటే మీ అంతట మీరు ఆపకుండా డాక్టరుకు చెప్పండి.

రోగి బట్టలు, మరుగుదొడ్డి విషయంలో ఏ జాగ్రత్తలు?

మందు ఎక్కాక కనీసం 48 గంటల పాటు మూత్రం, మలం, వాంతిలో మందు ఆనవాళ్లుంటాయి. కొన్ని మందులకు ఇంకా ఎక్కువ కాలం. ఆ సమయంలో మగవాళ్లు కూడా కూర్చునే మూత్రం పోయాలి, చిమ్మకుండా ఉంటుంది. మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి. తుడిచేవాళ్లు వాడి పారేసే గ్లవ్స్ వేసుకోవాలి. మరకైన బట్టలు విడిగా, రెండుసార్లు ఉతకాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ పనులు చేయకూడదు. ఇవే రోజుల్లో శృంగారానికి కండోమ్ తప్పనిసరి. ఇక చికిత్స సాగినంత కాలం, అయ్యాక కూడా డాక్టరు చెప్పేదాకా గర్భం రాకుండా చూసుకోవాలి.

చేతికి పిక్ లైన్ (మందులు ఎక్కించడానికి చేతి రక్తనాళంలో అమర్చే పొడవైన సన్నని ట్యూబు) ఉంది. స్నానం, శుభ్రం ఎలా?

డ్రెస్సింగ్ తడవకూడదు. నీళ్లు చొరని తొడుగు వేసుకుని, ఆ చెయ్యి ధారకు దూరంగా పెట్టి స్నానం చేయాలి. డ్రెస్సింగ్ ఏడు రోజులకోసారి మారుస్తారు. తడిసినా, అంచు లేచినా ఆ రోజే మార్పించాలి. వాడనప్పుడు లైన్‌ను సాధారణంగా వారానికోసారి సెలైన్‌తో కడగాలి. దానికి 10 మి.లీ. కంటే చిన్న సిరంజి వాడకూడదు. సన్నని సిరంజి ఎక్కువ ఒత్తిడి పుట్టించి ట్యూబును చీల్చవచ్చు. నొక్కినప్పుడు గట్టిగా ఉంటే బలవంతం చేయకండి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు.

కడిగిన కాసేపటికే చలి వణుకు వస్తే లైన్‌లోనే ఇన్ఫెక్షన్ ఉందని అనుమానించాలి. చెయ్యి లేదా మెడ వాస్తే గడ్డ కట్టిన రక్తం కావచ్చు. రెండూ అదే రోజు చూపించాల్సినవే. ట్యూబ్ తెగితే తెగిన చోటుకీ శరీరానికీ మధ్య మడిచి గట్టిగా పట్టుకుని బయల్దేరండి.

రోజంతా పడుకున్నా అలసట పోవడం లేదు. ఎందుకు?

ఈ అలసట విశ్రాంతితో తీరేది కాదు. మంచం మీదే ఉంటే కండ కరిగి, లేచిన ప్రతిసారీ ఇంకా కష్టమవుతుంది. దీనికి ఇప్పటిదాకా బాగా రుజువైన మందు కొద్దికొద్దిగా నడక. మొదట 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు రెండు సార్లు. తర్వాత వారానికి 150 నిమిషాల వైపు మెల్లగా పెంచుకోవాలి. నీరసం ఎక్కువగా ఉండే మూడు నాలుగు రోజుల్లో తగ్గించండి, మానేయకండి. జ్వరం, కళ్లు తిరగడం, ఛాతీ నొప్పి ఉంటే మాత్రం ఆపేయాలి. పగటి కునుకు అరగంట లోపు, మధ్యాహ్నం మూడులోగా ముగియాలి. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, కుంగుబాటు వల్ల కూడా అలసట పెరుగుతుంది. వాటికి వైద్యం ఉంది గనక “కీమో కదా, ఇంతే” అని సరిపెట్టుకోవద్దు.

వేళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. వాటంతటవే పోతాయా?

పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టీన్, బోర్టెజొమిబ్ లాంటివి నరాలను దెబ్బతీస్తాయి. కొందరికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి మిగిలిపోతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైతే, చెప్పు జారిపోయినా తెలియకపోతే తర్వాతి మోతాదుకు ముందే చెప్పాలి. చాలామంది మోతాదు తగ్గిస్తారేమోనని దాస్తారు. సమయానికి సరిచేస్తే నరం మిగులుతుంది. స్నానం నీళ్ల వేడిని వేళ్లతో కాదు, మోచేత్తో చూడండి. ఇంట్లోనూ చెప్పులు వేసుకోండి, జారే చిన్న చాపలు తీసేయండి. ఆక్సాలిప్లాటిన్ ఎక్కాక కొన్ని రోజులు చల్లని నీళ్లు తాగినా, ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టినా గొంతులో, వేళ్లలో కరెంటు కొట్టినట్లుంటుంది. అన్నీ గోరువెచ్చగా వాడాలి.

ఇంట్లో వేసుకునే కీమో మాత్ర మర్చిపోతే?

తర్వాతి వేళకు రెండు కలిపి వేసుకోవద్దు. వాంతిలో పోయినా మళ్లీ వేసుకోకుండా ఫోన్ చేసి అడగండి. మాత్ర విరవకూడదు, నలపకూడదు, క్యాప్సూల్ తెరవకూడదు. మిగిలినవి చెత్తలో వేయకుండా ఆసుపత్రికి తిరిగి ఇవ్వండి. కేప్‌సిటాబిన్ అయితే తిన్న అరగంటలోపు, పన్నెండు గంటల ఎడంతో. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండితే ఆలస్యం చేయకుండా చెప్పండి.

జుట్టు ఎప్పుడు రాలుతుంది?

రాల్చే మందులైతే మొదటి మోతాదు తర్వాత రెండు మూడు వారాలకు. చికిత్స ముగిశాక ఒకటి నుంచి మూడు నెలల్లో మళ్లీ మొలక కనిపిస్తుంది. అన్ని మందులూ రాల్చవు.

మాకు ఇచ్చేది ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే మందు). ఇవే వర్తిస్తాయా?

చాలావరకు వర్తించవు. ఇక్కడ భయం రోగనిరోధక శక్తి తగ్గడం గురించి కాదు, అది సొంత అవయవాల మీద తిరగబడటం గురించి. విరేచనాలు, కొత్తగా దగ్గు, ఆయాసం, దద్దుర్లు, పచ్చబడిన కళ్లు ఏవి వచ్చినా మామూలు మందులతో సర్దుకోకుండా చెప్పాలి. వైద్యం తరచూ స్టెరాయిడ్లతో ఉంటుంది. మందు ఆపేసిన నెలల తర్వాత కూడా ఇవి రావచ్చు కనుక ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ మందు పేరు చెప్పాలి.

రాత్రి ఫోన్ చేస్తే ఏం చెప్పాలి?

ముందు ఏ విషయాలకు క్షణం ఆగకూడదో చూడండి: జ్వరం లేదా వణుకు, ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక కాలు మాత్రమే వాచి నొప్పెట్టడం, ఆగని రక్తం, తికమక మాటలు, ఉన్నట్టుండి కాళ్లలో బలం పోవడం లేదా మూత్రం ఆగిపోవడం. చివరిది వెన్నుపాము నొక్కుకుపోవడం కావచ్చు, గంటలు ఆలస్యమైతే నడక తిరిగి రాకపోవచ్చు.

ఒక కాగితం మీద ఇవి రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి: జబ్బు పేరు, కీమో మందుల పేర్లు, చివరిసారి ఎక్కించిన తేదీ, వాడుతున్న మాత్రలన్నీ, పడని మందులు, పిక్ లైనో పోర్టో (మందులు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే పరికరం) ఉంటే ఆ సంగతి, ఆఖరి రక్త పరీక్ష అంకెలు, ఆసుపత్రి రాత్రి నంబరు. ఫోన్‌లో మొదట కీమో ఎన్నో రోజో, తర్వాత జ్వరం ఎంతో, ఎప్పటి నుంచో చెప్పండి. పారాసెటమాల్ వేసి ఉంటే ఆ వేళ కూడా చెప్పండి. అవతలివాళ్లు పేరు చెప్పాక రాసుకోండి, వాళ్లు చెప్పినది తిరిగి చదివి వినిపించండి. ఆ కాగితం ఫొటో ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ ఉండాలి. ఎప్పుడూ ఒకే మనిషి మేల్కొని ఉండలేరు. వారంలో కనీసం రెండు రాత్రులు ఇంకెవరైనా చూసుకునేలా ముందే మాట్లాడుకోండి.